గోల్ కొట్టని ఆటగాడి కథ

క్రికెట్ ఆడిన అజహరుద్దీన్ పేరు చెబితే ఒకప్పుడు మన వీధుల్లో పసిపిల్లలు కూడా మణికట్టు తిప్పి చూపించేవారు. అదే హైదరాబాద్‌లో పుట్టిన సయ్యద్ నయీముద్దీన్ పేరు చెబితే చాలామంది "ఎవరాయన?" అని అడుగుతారు. 1944లో పుట్టిన ఈ నయీముద్దీన్ సాహెబ్ 1970లో ఆటగాడిగా అర్జున అవార్డునూ, 1990లో శిక్షకుడిగా ద్రోణాచార్య అవార్డునూ అందుకున్నారు. భారత ఫుట్‌బాల్‌లో ఈ రెండు గౌరవాలూ ఒకే మనిషికి దక్కడం అదే మొదటిసారి. పైగా ఆయన గోల్స్ కొట్టి పేరు తెచ్చుకున్నవారు కారు. ఎదుటివారిని గోల్ కొట్టనివ్వకుండా అడ్డుపడి పేరు తెచ్చుకున్నవారు. ఆట భాషలో చెప్పాలంటే డిఫెండరు, అందులోనూ గోల్ ముందు నిలబడే స్టాపరు.

ఒకప్పుడు ప్రకాశం జిల్లాలోనూ, 2022 నుంచి బాపట్ల జిల్లాలోనూ ఉన్న మార్టూరులో కూర్చుని హైదరాబాద్ ఫుట్‌బాల్ గురించి రాయడమేమిటని పాఠకులకు అనిపించవచ్చు. మా వైపు పిల్లలకు కబడ్డీ తెలుసు, వాలీబాల్ తెలుసు, క్రికెట్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఫుట్‌బాల్‌కు మాత్రం ఇక్కడి నేల అనుకూలం కాదు. నల్లరేగడి వానాకాలంలో కాలిని వదలదు, ఎండాకాలంలో నెర్రెలు విచ్చుతుంది. ఎండాకాలం మొదట్లో కాస్త ఖాళీ జాగా ఉంటే అందులో మిరపకాయలు ఆరబోసి ఉంటాయి. ఆ నెర్రెల మీద పడిన బంతి ఎటు లేస్తుందో ఎవరూ చెప్పలేరు. గోల్ కొట్టేవాడికి అది ఒకోసారి అదృష్టమవుతుంది. డిఫెండరుకు మాత్రం ఎప్పుడూ కష్టమే. అయినా సెల్‌ఫోన్లలో విదేశీ మ్యాచ్‌లు చూసి బంతి కొనుక్కున్న కుర్రాళ్ళు మా చుట్టుపక్కల ఇప్పుడు కనిపిస్తున్నారు. వాళ్ళ తండ్రులు మమ్మల్ని అడిగేది ఒకటే: "బంతి తన్నితే కూడు దొరుకుతుందా సాబ్?" ఆ ప్రశ్నకు ఇష్టంతో కాక నిజంతో జవాబు చెప్పాలంటే, ఆ పని చేసి బతికినవారి జీవితం ఎలా సాగిందో చూడాలి. అందుకే నయీముద్దీన్ సాహెబ్‌ను ఎంచుకున్నాము.

ముందు ఈ డిఫెండరు పని ఎలాంటిదో చూద్దాం. కబడ్డీ తెలిసిన పాఠకులకు ఇది తేలికగానే అర్థమవుతుంది. కూతకు వచ్చినవాణ్ణి చూసి తొందరపడి మీద పడే కుర్రాడు ఔటవుతాడు. వాడి కాళ్ళు చూస్తూ, పక్కవాడి చేయి వదలకుండా, వాణ్ణి మూలకు నెట్టి సమయం చూసి పట్టేవాడే నిలుస్తాడు. ఫుట్‌బాల్ డిఫెండరు చేసేదీ ఇదే. బంతి మీదకు ఉరికేయడం కాకుండా, ఎదుటివాడికి దారి మూసి, వాడు తప్పుచేసేదాకా ఓపిక పట్టాలి. పక్కవాడు ముందుకు వెళితే తాను వెనక ఖాళీని కాయాలి. గాలిలో వచ్చే బంతిని తలతో దూరంగా పంపాలి. తేడా ఎక్కడంటే, కబడ్డీలో పట్టినవాడికి పాయింటు వస్తుంది, ఈలలు వినిపిస్తాయి. ఫుట్‌బాల్‌లో తొంభై నిమిషాలు పట్టినవాడి పేరు మర్నాటి పత్రికలో రాదు. ఒక్కసారి వదిలేస్తే మాత్రం తప్పకుండా వస్తుంది.

నయీముద్దీన్ ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఆయనకు ముందే హైదరాబాద్‌లో ఈ పనికి ఒక బడి ఉంది. ఆ బడికి పంతులు సయ్యద్ అబ్దుల్ రహీం. అందరికీ రహీం సాహెబ్. 1909లో పుట్టిన ఆయన వృత్తిరీత్యా నిజంగానే ఉపాధ్యాయుడు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకూ, 1950 నుంచి భారత జట్టుకూ శిక్షణ ఇచ్చారు. 2024లో 'మైదాన్' అనే హిందీ సినిమా వచ్చాక ఆయన పేరు మళ్ళీ నలుగురి నోటా వినబడింది. సినిమా చూడనివారి కోసం ఒక సంగతి చెబుతాము. రహీం సాహెబ్ కుర్రాళ్ళకు విచిత్రమైన పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో బంతిని కాలి దగ్గర పెట్టుకుని పరిగెత్తడం నిషేధం, వచ్చిన బంతిని వచ్చినట్టే పక్కవాడికి అందించాలి. మరో పోటీలో వాటంలేని కాలితోనే ఆడాలి. దీనికి పైసా ఖర్చు లేదు. కానీ ఇలా ఆడిన డిఫెండరు ఎడమవైపు నుంచి వచ్చినా కుడివైపు నుంచి వచ్చినా తడబడడు. ఆ శిక్షణ ఫలం లెక్కల్లో కనిపిస్తుంది. బొంబాయి రోవర్స్ కప్‌ను హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదేళ్ళు గెలిచింది.

ఇక్కడ 'పోలీస్' అన్న మాటను తేలిగ్గా దాటిపోకూడదు. మా దృష్టిలో ఈ కథకు అదే కీలకం. మంచి ఆటగాణ్ణి పోలీసు శాఖ ఉద్యోగంలోకి తీసుకునేది. అతనికి నెలజీతం, పాతబస్తీలో ఒక ఇల్లు గడిచే ఏర్పాటు, ఆట అయిపోయాక కూడా ఒక ఉద్యోగం. పేద ఇంటి తండ్రి తన కొడుకును మైదానానికి పంపడానికి జంకనక్కర్లేదు. ఫుట్‌బాల్ అప్పట్లో పేరుకు వృత్తి కాదు, కానీ ఆ కుర్రాడి ఇంటికి అది వృత్తే.

ఈ బడిలోంచి వచ్చిన మొదటి పెద్ద డిఫెండరు సయ్యద్ ఖ్వాజా అజీజుద్దీన్. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం గెలిచిన తరం వారిది. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌కు వెళ్ళిన జట్టులోనూ అజీజుద్దీన్ ఉన్నారు. అక్కడ యుగోస్లావియా చేతిలో భారత్ 1-10తో ఓడింది. చలిదేశంలో, తడి గడ్డి మీద మనవాళ్ళలో కొందరు బూట్లు లేకుండా ఆడారు. ఆ దెబ్బతో అంతర్జాతీయ ఆటలో బూట్లు తప్పనిసరి అయ్యాయి. అంతకంటే ముఖ్యమైన మార్పు మరొకటి జరిగింది. అప్పటిదాకా మనవాళ్ళు వెనక ఇద్దరు బ్యాక్‌లతోనే ఆడేవారు. ముందుకు అయిదుగురు వచ్చి పడితే ఇద్దరు ఆపగలరా? హెల్సింకీ తర్వాత రహీం సాహెబ్ వెనక మూడో మనిషిని నిలబెట్టారు. ఆ మూడోవాడే స్టాపరు. తరువాతి రోజుల్లో నయీముద్దీన్ నిలబడిన చోటు అలా పుట్టిందే.

నాలుగేళ్ళ తరవాత, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీ ఫైనల్‌కు చేరింది. ఆసియా నుంచి ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీస్‌కు చేరిన తొలి దేశం మనదే. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుసేన్, జుల్ఫిఖారుద్దీన్, సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం - ఇలా అప్పటి మన రాజధాని నుంచి వెళ్ళినవారు ఎందరో. సెమీస్‌లో మళ్ళీ యుగోస్లావియాయే ఎదురుపడింది. మొదటి గోల్ మనవాళ్ళే వేశారు. ఆ తరవాత మూడు గోల్స్ పడ్డాయి. నాలుగోది మన సలాం కాలికి తగిలి మన గోల్‌లోకే వెళ్ళింది. ఆస్ట్రేలియాపై మూడు గోల్స్ కొట్టిన నెవిల్ డిసౌజా పేరు అందరికీ గుర్తు. సలాం ఆ రోజున ఎన్ని బంతులను ఆపాడో ఎవరూ లెక్కపెట్టలేదు. రికార్డు పుస్తకంలో ఆ మ్యాచ్‌లో ఆయన పేరు ఉన్నది ఆ ఒక్క సొంత గోల్ దగ్గరే.

డిఫెండరు గోల్ కొట్టి కీర్తి పొందిన సందర్భమూ ఒకటుంది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన స్టాపరు జర్నైల్‌సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. వెనక నిలబడి తలతో బంతులను కొట్టలేని స్థితి. రహీం సాహెబ్ అతణ్ణి పక్కన కూర్చోబెట్టకుండా ముందువరసలోకి పంపారు. సెప్టెంబర్ 4న జరిగిన ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించిన ఆ రెండు గోల్స్‌లో ఒకటి పి.కె. బెనర్జీది, రెండోది జర్నైల్‌ది. స్టేడియం నిండా ఉన్న జనం భారత్‌కు వ్యతిరేకంగా అరుస్తున్నారు. కారణం ఆటకు సంబంధించింది కాదు. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానివ్వనందుకు మన అధికారి ఒకరు చేసిన విమర్శకు అది ఆగ్రహం. అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ఉన్న రహీం సాహెబ్ 1963 జూన్ 11న కన్నుమూశారు.

రహీం సాహెబ్ చివరి రోజుల్లోనే నయీముద్దీన్ అదే పోలీసు జట్టులో ఆట మొదలుపెట్టారు. ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీని గెలిచిన 1965-66 ఆ రోజుల్లోదే. ఆ తరవాత మన రాష్ట్రాలకు ఆ ట్రోఫీ మళ్ళీ రాలేదు. 1966లో ఆయన కలకత్తాకు వెళ్ళారు. హైదరాబాద్ కుర్రవాడే అయిన మహమ్మద్ హబీబ్ కూడా ఆ ఏడాదే అక్కడికి చేరారు. ఇద్దరూ ఈస్ట్ బెంగాల్‌లో చేరారు, ఆ ఏడాది కలకత్తా లీగ్ ఈస్ట్ బెంగాల్‌దే.

కలకత్తా ఫుట్‌బాల్‌ను చూడనివారికి ఆ వాతావరణం చెప్పాలి. అక్కడ లీగ్ వానాకాలంలో జరిగేది. మైదానం బురదగుంట. మన నల్లరేగడి మడిలో దిగినట్టే ఉంటుంది. బంతి బరువెక్కుతుంది, పరిగెత్తేవాడి కాలు జారుతుంది, డిఫెండరు సమయం రెప్పపాటు తప్పినా ఎదుటివాడి మోకాలైనా విరుగుతుంది, తన మోకాలైనా విరుగుతుంది. అరవైల నాటి బంతులు తోలువి. నీళ్ళు తాగిన బంతిని నుదుటితో కొట్టడం అంటే ఏమిటో ఆ తరం డిఫెండర్లను అడగాలి. గ్యాలరీలోనేమో ఈస్ట్ బెంగాల్ ఓడితే అన్నం ముట్టని జనం, మోహన్ బగాన్ ఓడితే ఇల్లు చేరని జనం. అలాంటిచోట ఒక హైదరాబాదీ ఉర్దూ మాట్లాడుతూ, బెంగాలీ నేర్చుకుంటూ ఏళ్ళ తరబడి నిలబడ్డాడంటే అది కాళ్ళ బలంతో మాత్రమే అయ్యేది కాదు. నయీముద్దీన్ కలకత్తాలోని మూడు పెద్ద క్లబ్బులకూ ఆడారు - ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్. ఈ మూడోదాని గురించి మన పాఠకులకు చెప్పనవసరం లేదు. 1934 నుంచి 1938 వరకు వరసగా అయిదుసార్లు లీగ్ గెలిచిన, 1940లో డ్యూరాండ్ కప్ అందుకున్న తొలి భారతీయ జట్టయిన క్లబ్ అది. మతం పేరు మీద పుట్టిన క్లబ్ కూడా ఇతరులను ఆడించిందనీ, మిగతా రెండు క్లబ్బులు హైదరాబాద్ ముస్లింలను నెత్తిన పెట్టుకున్నాయనీ గుర్తుచేయడం మాత్రం అవసరమే.

ఈ కలకత్తా కొలువు కూడా కాగితం మీద వృత్తి కాదు. ఆటగాళ్ళు ఏటా క్లబ్బుకు సంతకం చేసేవారు, డబ్బు లోపాయికారీగా చేతికందేది. క్లబ్బు ఇవ్వకపోతే అడగడానికి కాగితం ఉండేది కాదు. దేశంలో బాహాటంగా క్లబ్బుల జాతీయ లీగ్ మొదలైంది 1996లోనే. అంటే నయీముద్దీన్ తరం ఆటగాళ్ళు వృత్తి ఆటగాళ్ళకు ఉండే కష్టాలన్నీ పడ్డారు, వృత్తి ఆటగాళ్ళకు ఉండే హక్కులు మాత్రం వాళ్ళకు లేవు.

1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలకు భారత జట్టు కెప్టెన్ నయీముద్దీన్. కప్పు కొట్టడానికి వెళ్ళిన జట్టు కాదది. రహీం సాహెబ్ పోయాక ఏడేళ్ళుగా మన ఆట జారుతూనే ఉంది. అయినా కంచు పతకానికి జరిగిన మ్యాచ్‌లో జపాన్‌ను 1-0తో ఓడించారు. ఆ జపాన్ 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో కంచు పతకం గెలిచిన దేశమని గుర్తుంచుకోవాలి. ఒక్క గోల్ ఆధిక్యాన్ని చివరిదాకా కాపాడటం డిఫెండరు కెప్టెన్‌కు అసలు పరీక్ష. ఆ ఏడాదే ఆయనకు అర్జున అవార్డు వచ్చింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్ అందుకున్న చివరి పతకం అదే. అర్ధశతాబ్దం దాటిపోయింది, మరొకటి రాలేదు.

ఎందుకు రాలేదన్న దానికి పెద్దలు చెప్పే కారణాలు చాలా ఉన్నాయి. మాకు మాత్రం మా ఊరి దగ్గరి ఒక పాత వృత్తి గుర్తుకొస్తుంది. మా పత్తి ప్రాంతంలో నూర్‌బాషా సోదరులు భుజాన ధనువు వేసుకుని ఇంటింటికీ తిరిగి దూదిని ఏకేవారు. ఆ చప్పుడు వింటేనే చలికాలం వచ్చిందని తెలిసేది. వాళ్ళ చేతి పనితనం తగ్గలేదు. యంత్రం వచ్చాక, ఫోం పరుపులు వచ్చాక, ఆ పనికి కూలి ఇచ్చేవారు లేకుండా పోయారు. హైదరాబాద్ ఫుట్‌బాల్‌కూ దాదాపు అదే జరిగిందని మా అభిప్రాయం. పాతబస్తీ కుర్రాళ్ళ కాళ్ళలో పనితనం చచ్చిపోలేదు. ఆ పనితనానికి నెలజీతం ఇచ్చే పోలీసు జట్టు వెనకటి స్థితిలో లేదు, బడిలో పోటీలు పెట్టే పంతులు లేడు, ఖాళీ జాగాలు మేడలయ్యాయి. తండ్రులు లెక్కవేసుకుని కొడుకులను మరో పనికి పంపారు. వాళ్ళను తప్పుపట్టలేము. 1962 బంగారు జట్టులో ఆడి 1966లో అర్జున అవార్డు పొందిన యూసుఫ్ ఖాన్ చివరి సంవత్సరాలు పార్కిన్సన్ వ్యాధితో గడిచాయి, 2006లో పోయారు. అవార్డు గోడకు ఉంటుంది, మందుల ఖర్చు నెలనెలా ఉంటుంది.

నయీముద్దీన్ మాత్రం ఆట ఆగిపోయాక ఆటనే పట్టుకుని శిక్షకుడిగా బతికారు. డిఫెండరుగా ఉన్న గుణమే శిక్షకుడిగానూ ఉంది. ఆటగాళ్ళు ఎప్పుడు నిద్రపోవాలి, ఏం తినాలి, ఎన్ని గంటలకు మైదానంలో ఉండాలి అన్న విషయాల్లో ఆయన చండశాసనుడని పేరు. పెద్ద పేరున్న ఆటగాడికి ఒక నియమం, కొత్త కుర్రాడికి ఒక నియమం ఉండేది కాదు. కొందరు స్టార్లకు అది గిట్టలేదు, ఆయన కాలం చూడని మనిషి అన్నారు. అయితే 1990లో ఆయన శిక్షణలో ఈస్ట్ బెంగాల్ ఐ.ఎఫ్.ఎ. షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ మూడూ ఒకే ఏడాది గెలిచింది. ఆ ఏడాదే ద్రోణాచార్య. ఫుట్‌బాల్ శిక్షకుడికి ఆ అవార్డు రావడం కూడా అదే తొలిసారి. భారత జట్టు శిక్షకుడిగా 1997లో ఖాట్మండులో దక్షిణాసియా కప్పు గెలిపించారు, ఫైనల్లో మాల్దీవులపై 5-1. మళ్ళీ 2005లో కరాచీలో అదే కప్పు, ఫైనల్లో బంగ్లాదేశ్‌పై 2-0. ఇంతా చేస్తే 2006లో ఆయన్ను తప్పించి ఇంగ్లండ్ నుంచి బాబ్ హౌటన్‌ను తెచ్చారు. ఆసియా స్థాయి పోటీల్లో వరసగా ఓడుతున్నారన్నది కారణం. అందులో నిజం లేకపోలేదు. దక్షిణాసియాలో గెలవడం వేరు, జపాన్ ముందు నిలబడటం వేరు.

అరవై దాటిన మనిషి అక్కడితో ఇంట్లో కూర్చోవచ్చు. ఆయన ఢాకా వెళ్ళారు. అక్కడి బ్రదర్స్ యూనియన్ ఆయనకు అప్పటికే తెలిసిన క్లబ్. 2007లో బంగ్లాదేశ్ జాతీయ జట్టుకే శిక్షకుడయ్యారు. 2005లో కరాచీలో తాను ఓడించిన జట్టుకే రెండేళ్ళలో పాఠం చెప్పారన్నమాట. ఆ తరవాత 2016లో మోహన్ బగాన్ తన అత్యున్నత గౌరవమైన మోహన్ బగాన్ రత్నను ఆయనకు ఇచ్చింది.

ఇప్పుడు మా వైపు తండ్రుల ప్రశ్న దగ్గరికి వద్దాం. కూడు దొరుకుతుందా? కొందరికి దొరుకుతుంది, చాలామందికి దొరకదు. 2014లో ఇండియన్ సూపర్ లీగ్ వచ్చాక పైస్థాయి ఆటగాడికి నయీముద్దీన్ తరం కలలో కూడా చూడని డబ్బు వచ్చింది, చేతిలో కాగితం కూడా వచ్చింది. కానీ ఆ నీడా స్థిరం కాదు. 2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్.సి. 2021-22లో సూపర్ లీగ్ కప్పు గెలిచింది, తరవాత అప్పుల్లో పడి ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు, 2025లో జట్టే ఢిల్లీకి తరలిపోయింది. అందుచేత బిడ్డను ఆటకు పంపే తండ్రి కొన్ని సంగతులు తెలుసుకుని పంపడం మంచిది. డిఫెండరు ఆట సాధారణంగా ఇరవై నాలుగు, ఇరవై అయిదేళ్ళకు గానీ పండదు, ముప్పై అయిదుకు ముగుస్తుంది. అంటే పదేళ్ళ పంట. మోకాలి లోపలి తాడు ఒకసారి తెగితే ఏడాది పోతుంది, మంచి వైద్యం దొరక్కపోతే ఆటే పోతుంది. చదువు ఆపించకూడదు, ఎందుకంటే రైల్వేల్లో, సైన్యంలో, పోలీసుల్లో క్రీడా కోటా ఉద్యోగాలకు సర్టిఫికెట్‌తోపాటు చదువునూ అడుగుతారు. శిక్షకుడి లైసెన్సు పరీక్షలు డి నుంచి మొదలై సి, బి, ఎ అని మెట్లుగా ఉన్నాయి. ఆడుతున్న రోజుల్లోనే మొదటి మెట్టు ఎక్కినవాడు ఆట ఆగాక రోడ్డున పడడు. అనంతపురంలో ఆర్.డి.టి. వారి క్రీడా అకాడమీలో పల్లె పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్నారు, ఆడపిల్లలకు కూడా. మార్టూరు నుంచి అది దూరమే, అయినా కలకత్తా అంత దూరం కాదు.

మరీ చిన్నపిల్లలకు అకాడమీ దాకా అక్కర్లేదు. ఎండాకాలం చివర మిరపకాయలు ఎత్తేశాక కల్లం నేల గట్టిగా, చదునుగా ఉంటుంది. నెర్రెల్లో మట్టి కూరి, రెండువైపులా రెండేసి రాళ్ళు పెడితే చాలు. అయిదుగురు ఇటు, అయిదుగురు అటు. బంతి పట్టుకుని పరిగెత్తకూడదు, వాటంలేని కాలితోనే తన్నాలి. రహీం సాహెబ్ నియమాలు ఇవే.